పాత స్క్రూ స్పానర్ వయసెంత? పేటెంటు అక్షరాలు చదివి పట్టుకోవడం ఇలా

మా కావలి ట్రంకు రోడ్డు పక్కన ఒక పాత ఇనుము కొట్టుంది. అక్కడ తుక్కు కుప్పలో నాకొక 12 అంగుళాల స్క్రూ స్పానర్ దొరికింది. పిడి మీద ఇంగ్లీషులో 'పాట్.' (పేటెంటుకు పొట్టి రూపం) అని, పక్కన 1890ల నాటి ఒక తేదీ కనపడ్డాయి. "దీన్నేం చేసుకుంటావన్నా, మర గూడా తిరగడంలా" అంటూనే కొట్టాయన కేజీ లెక్కన తూకమేసి ఇచ్చేశాడు. నేను ఇంటికొచ్చి కనపడిన ప్రతివాడికీ చెప్పేశా, నూట ముప్పయ్యేళ్ళ నాటి పానా అని. ఆరు నెలల తర్వాత ఒక ఆదివారం తీరిగ్గా కూర్చుని తుప్పు వదిలిస్తుంటే పిడికి రెండో వైపు ఇంకో తేదీ బయటపడింది, 1909 అని. ఒక్క దెబ్బకు నా పానా వయసు పదిహేనేళ్ళకు పైగా తగ్గిపోయింది. పైగా ఆ 1909 కూడా అది తయారైన ఏడాది కాదు.

ఈ పొరపాటు చాలామంది చేస్తారు, ఎందుకంటే ఇనుము మీద ఏడాది కనపడగానే అదే పుట్టిన ఏడాది అనుకుంటాం. పేటెంటు తేదీ అంటే ఆ కొత్త ఆలోచన మీద దాన్ని కనిపెట్టినవాడికి ప్రభుత్వం హక్కు రాసిచ్చిన రోజు, అంతే. పెళ్ళి తేదీ చూసి పిల్లాడి వయసు చెప్పినట్టు ఉంటుంది ఈ లెక్క. ఫలానా తేదీకి ముందు ఈ పానా లేదు అని మాత్రమే అది చెప్తుంది. ఒకే పానా మీద రెండు మూడు తేదీలుంటే అన్నిటికంటే చివరిది చూడాలి, మొదటిది కాదు. ఆ తర్వాత ఎంత కాలానికి తయారైందో మిగతా గుర్తులు చెప్పాలి. వాటిని ఎలా చదవాలో నాకు తెలిసినంత వరకు రాస్తున్నా.

ముందు అక్షరాలు బయటపడాలి కదా. ఇక్కడే ఎక్కువ నష్టం జరిగేది. నేను మొదట్లో ఒక మంచి మంకీ రెంచిని (దవడలు సుత్తిలాగా పిడికి అడ్డంగా ఉండే పాత రకం పానా) గ్రైండరుకు వైరు చక్రం బిగించి తళతళా మెరిపించా. మెరుపైతే వచ్చింది గానీ, సగం అక్షరాలు పోయాయి. పాత పానాల మీద అక్షరాలు రెండు రకాలు. అచ్చులోనే పోతపోసిన, లేదా ఫోర్జింగు డై (కాల్చిన ఇనుమును పెట్టి కొట్టే ఉక్కు అచ్చు) నుంచి వచ్చిన ఉబ్బెత్తు అక్షరాలు కొంచెం గట్టివి. తర్వాత పంచితో కొట్టిన లోతు అక్షరాలు మాత్రం ఒక్కోసారి కాగితం మందం కూడా ఉండవు, ఎమిరీ పేపరు పెట్టి నాలుగు రుద్దులు రుద్దితే మాయం. కాబట్టి గ్రైండరు జోలికి పోవద్దు. ఒక పాత డబ్బాలో కిరసనాయిలో డీజిలో పోసి పానాను రెండు మూడు రోజులు నానబెట్టండి, ఇత్తడి తీగల బ్రష్షుతో మెల్లగా తోమండి. చింతపండు పులుసులో వేస్తే తుప్పు పోతుంది, నిజమే, మా అమ్మ ఇత్తడి బిందెలు దానితోనే తోమేది. కానీ పులుపు ఇనుమును కూడా తింటుంది. రాత్రంతా వదిలేస్తే అక్షరాల అంచులు మొద్దుబారిపోతాయి. అరగంటకోసారి తీసి చూసుకునే ఓపిక ఉంటేనే ఆ దారి పట్టండి.

శుభ్రమయ్యాక కూడా అక్షరం కంటికి ఆనకపోతే మూడు పద్ధతులున్నాయి. మధ్యాహ్నం ఎండలో కాదు, పొద్దున్నే గానీ సాయంత్రం గానీ ఎండ ఏటవాలుగా పడేటప్పుడు పానాను మెల్లగా తిప్పుతూ చూడండి, లేదా చీకటి గదిలో సెల్‌ఫోను టార్చి పక్కనుంచి వేయండి. లోతు అక్షరాలైతే మార్కాపురం బలపం అరగదీసిన పొడి గానీ సుద్ద గానీ రుద్ది, పైపైన గుడ్డతో తుడిస్తే గుంటల్లో తెలుపు నిలబడి అక్షరం లేస్తుంది. ఉబ్బెత్తు అక్షరాలకైతే మనం చిన్నప్పుడు రూపాయి బిళ్ళ మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దేవాళ్ళం చూడండి, అదే. ఆ కాగితం మీద తేదీ వేసి దాచుకోండి, తర్వాత పనికొస్తుంది. చదివేటప్పుడు పిడి రెండు వైపులా, దవడ పక్కన, దవడ తీసేస్తే లోపలి గాడి, పిడి చివర రంధ్రం చుట్టూ అన్నీ చూడాలి. నా పానా విషయంలో నేను రెండో వైపు చూడకపోబట్టే కదా ఆర్నెల్లు గొప్పలు చెప్పుకున్నది.

ఇక అక్షరాల అర్థం. అమెరికా సరుకుతో మొదలుపెడదాం, ఎందుకంటే పాత స్క్రూ స్పానర్ల మీద పేటెంటు గుర్తులు అందరికంటే ఎక్కువ వేసుకున్నది వాళ్ళే. అక్కడ 1842 నుంచి చట్టం ప్రకారం పేటెంటు ఉన్న వస్తువు మీద ఆ తేదీ వేయాలి. అందుకే పాత వాటి మీద 'పాట్.' లేదా 'పాటెంటెడ్' అని రాసి నెల, తారీకు, ఏడాది ఉంటాయి. 1927లో ఆ చట్టం మార్చి తేదీ బదులు నంబరు వేయమన్నారు. కాబట్టి తేదీ మాత్రమే ఉంటే ఆ గుర్తు తయారు చేసిన అచ్చు 1927కి ముందుదని, నంబరు మాత్రమే ఉంటే ఆ తర్వాతదని మోటుగా అనుకోవచ్చు. మోటుగా అని ఎందుకంటున్నానంటే, 1927కి ముందు కూడా నంబరు వేసుకున్నవాళ్ళున్నారు. అలాగే డై అరిగిపోయేదాకా పాత తేదీనే కొడుతూ పోయినవాళ్ళూ ఉన్నారు. ఫోర్జింగు డై అంటే మాటలా, చెక్కించాలంటే బోలెడు ఖర్చు, చట్టం మారిందని ఏ యజమానీ ఆ రోజే పారేయడు.

నంబరు ఉంటే పని సులువు. అమెరికా పేటెంట్లకు 1836 నుంచి వరసగా ఒకటే నంబర్లు నడుస్తున్నాయి. ఏ ఏడాది జనవరిలో ఏ నంబరుతో మొదలైందో తెలిస్తే చాలు. పానా మీద కామాలు ఎలా ఉంటాయో అలాగే రాస్తున్నా, మన లక్షల కామా కాదు, తికమక పడొద్దు. 1870 మొదట్లో 98,460. 1880లో 223,211. 1890లో 418,665. 1900లో 640,167. 1910లో 945,010. 1920కి 1,326,899. 1930కి 1,742,181. 1940కి 2,185,170. 1950కి 2,492,944. ఇవన్నీ గుర్తుండవనుకుంటే ఇంకో చిట్కా: పది లక్షల నంబరు 1911 ఆగస్టులో, ఇరవై లక్షల నంబరు 1935 ఏప్రిల్‌లో, ముప్పై లక్షల నంబరు 1961 సెప్టెంబర్‌లో వచ్చాయి. పాత ఇనుము కొట్లో నిలబడి ఉన్నప్పుడు ఈ మూడూ గుర్తుంటే చాలు, కొనాలా వద్దా అన్నది తేలిపోతుంది.

తేదీ ఉండి అంకె అరిగిపోతే ఏం చేయాలి? దీనికి నాకు బాగా నచ్చిన ఉపాయం ఒకటుంది. అమెరికా పేటెంటు ఆఫీసు పంతొమ్మిదో శతాబ్దం రెండో సగం నుంచీ పేటెంట్లు మంగళవారం నాడే ఇస్తుంది. అంటే పానా మీది తేదీ మంగళవారం కాకపోతే మీరు ఏదో అంకె తప్పు చదివారన్నమాట. ఉదాహరణకు పైపు రెంచికి మారుపేరైపోయిన స్టిల్‌సన్ ఉన్నాడు కదా, ఆయన పేటెంటు తేదీ 13 సెప్టెంబర్ 1870. క్యాలెండర్ చూడండి, మంగళవారమే. చివరి సున్నా అరిగి 6 లాగానో 8 లాగానో కనపడిందనుకోండి. 1876లో ఆ తారీకు బుధవారం, 1878లో శుక్రవారం. రెండూ కొట్టుకుపోయాయి. సెల్‌ఫోన్లో ఏ ఏడాది క్యాలెండరైనా వస్తుంది, నిమిషం పని. ఒక్క జాగ్రత్త, మరీ పాత వాటికి ఈ లెక్క పనికిరాదు. మంకీ రెంచి చరిత్రలో పెద్ద మలుపు తెచ్చిన లోరింగ్ కోస్ పేటెంటు 16 ఏప్రిల్ 1841 నాటిది, అది శుక్రవారం. అలాగే ఇంగ్లండు, జర్మనీ, స్వీడన్ తేదీలకు కూడా ఈ మంగళవారం వర్తించదు.

పేటెంటుకు ఆయుష్షు కూడా ఉంటుంది. అమెరికాలో 1861 నుంచి 1995 దాకా వచ్చిన పేటెంట్లకు, వచ్చిన రోజు నుంచి 17 ఏళ్ళు. ఆ తర్వాత ఎవడైనా ఆ డిజైను కొట్టుకోవచ్చు. కాబట్టి 1909 తేదీ ఉన్న పానా 1909కి, 1926కి మధ్యదై ఉండే అవకాశం ఎక్కువ. కాలం చెల్లాక కూడా గుర్తు తీసేయకుండా కొట్టుకుంటూ పోయిన కంపెనీలున్నాయి కాబట్టి ఆ రెండో అంచును గట్టి గోడ అనుకోవద్దు, పొలం గట్టు అనుకోండి. మొదటి అంచు మాత్రం గోడే.

'పాట్. పెండింగ్' అనో 'పాటెంట్ అప్లైడ్ ఫర్' అనో ఉంటే ఎగిరి గంతేయండి. దరఖాస్తు పెట్టి పేటెంటు ఇంకా చేతికి రాని కొద్ది కాలంలో తయారైంది అది. ఆ తర్వాత అదే పానా మీద నంబరు వచ్చేస్తుంది. ఒకే కంపెనీ ఒకే మోడలుకు పెండింగ్ అన్నది, నంబరు ఉన్నది, ఏమీ లేనిది మూడు రకాలు దొరికితే సాధారణంగా వాటి వరస అదే: పెండింగ్ ముందు, నంబరు తర్వాత, కాలం చెల్లాక ఖాళీ. వేరియంట్లు, అంటే ఒకే మోడలులో వచ్చిన రకాలు, పట్టుకోవడంలో సగం పని ఈ ఒక్క పోలికతో అయిపోతుంది.

ఇప్పుడు మోసం చేసే అక్షరాల గురించి. 'రెజ్. యు.ఎస్. పాట్. ఆఫ్.' అని ఉంటుంది. పాట్ కనపడింది కదా అని పేటెంటు అనుకుంటారు, కాదు. అది ట్రేడుమార్కు. పేరును పేటెంటు ఆఫీసులో రిజిస్టరు చేయించుకున్నామని చెప్పడం, అంతే. అది తయారీ గురించి ఏమీ చెప్పదు. రెండోది, 'పాట్.' అన్నా 'ప్యాటర్న్' అన్నా ఒకటి కాదు. స్టిల్‌సన్ ప్యాటర్న్ అంటే స్టిల్‌సన్ తరహాలో చేసిందని, పేటెంటుతో సంబంధం లేదు. మూడోది, నాలుగంకెల నంబరు చూసి పేటెంటు నంబరనుకోవడం. అది మామూలుగా క్యాటలాగు నంబరో సైజు నంబరో అయి ఉంటుంది, ఎందుకంటే నాలుగంకెల అమెరికా పేటెంటు అంటే 1850ల మొదట్లోకో ఇంకా వెనక్కో వెళ్ళాలి. అంత పాతది మీకు కావలి తుక్కు కొట్లో దొరికితే నాకు ఫోను చేయండి. నాలుగోది, నంబరు ముందు 'డి' లేదా 'డెస్' ఉంటే అది డిజైను పేటెంటు, ఆకారానికి ఇచ్చేది. దాని నంబర్ల వరస వేరు, పైన నేను రాసిన పట్టికలో వెతికితే తప్పుదారి పట్టిస్తుంది.

మనకు ఇంగ్లండు సరుకు ఎక్కువ వచ్చింది, కారణం చెప్పక్కర్లేదు. వాళ్ళ పద్ధతి వేరు. 1915 దాకా ఇంగ్లండు పేటెంటు నంబర్లు ప్రతి ఏడాదీ మళ్ళీ ఒకటి నుంచి మొదలయ్యేవి, అందుకే నంబరు పక్కన గీత పెట్టి ఏడాది వేస్తారు, 08 అంటే 1908 అని. 1916 నుంచి 100,001తో కొత్త వరస మొదలైంది, ఇక ఏటా మొదటికి రాలేదు. కాబట్టి ఇంగ్లండు పానా మీద ఆరంకెల పేటెంటు నంబరుంటే అది 1916కి ముందుది కాదు. 'ఆర్‌డి. నంబర్' అని ఉంటే రిజిస్టర్డ్ డిజైను, ఆ వరస 1884లో మొదలైంది. దానికి ముందు 1842 నుంచి 1883 దాకా డైమండు ఆకారపు గుర్తు వేసేవాళ్ళు. అన్నట్టు అడ్జస్టబుల్ స్పానర్ మేమే కనిపెట్టామని ఇంగ్లండు వాళ్ళంటారు, 1842లో ఎడ్విన్ బడ్డింగ్, రిచర్డ్ క్లైబర్న్ పేర్లు చెప్తారు. ఆ బడ్డింగే గడ్డి కోసే మిషను కూడా కనిపెట్టాడు. మేమంటే మేమని స్వీడన్ వాళ్ళూ అంటారు. ఆ తగువు మనకెందుకు.

స్వీడన్ అంటే జొహాన్ పెట్టర్ జొహాన్సన్. ఎన్‌షోపింగ్ అనే ఊళ్ళో వర్క్‌షాపు పెట్టుకున్న మనిషి. 1888లో పైపు రెంచికి, 1892లో ఇప్పుడు మనం వాడే తరహా స్క్రూ స్పానర్‌కు పేటెంటు తీసుకున్నాడు. సరుకు అమ్మిపెట్టిన బి.ఎ. యోర్ట్ అండ్ కంపెనీ పేరులోని అక్షరాల నుంచే బాకో అనే బ్రాండు వచ్చింది. మన దగ్గర దొరికే బాకో పానాలకు ఒక సులువైన గుర్తు: చేప, గాలం బొమ్మ ఉందా చూడండి. అది శాండ్‌విక్ అనే ఇంకో స్వీడన్ కంపెనీ గుర్తు. శాండ్‌విక్ బాకోను కొన్నది 1991లో. కాబట్టి చేప ఉన్న బాకోను ఎవడైనా తాతలనాటిదని అమ్మబోతే నవ్వి ఊరుకోండి.

జర్మనీ వాటి మీద 'డి.ఆర్.పి.' అని ఉంటే అది వాళ్ళ దేశాన్ని 'రైఖ్' అని పిలిచిన కాలపు పేటెంటు, 1877 నుంచి 1945 దాకా. 'డి.ఆర్.జి.ఎం.' అంటే చిన్న తరహా పేటెంటు లాంటిది, 1891 నుంచి మొదలైంది, మూడేళ్ళు, పొడిగిస్తే మొత్తం ఆరేళ్ళు. ఆయుష్షు తక్కువ కాబట్టి కాలాన్ని అంచనా వేయడానికి ఇది ఇంకా మంచిది. ఆ 'ఆర్' అక్షరం బదులు 'బి' ఉంటే రెండో ప్రపంచ యుద్ధం తర్వాతి పశ్చిమ జర్మనీ. ఈ ఒక్క అక్షరం తేడా చాలామంది గమనించరు. జపాన్ వాటి మీద 'మేడ్ ఇన్ ఆక్యుపైడ్ జపాన్' అని ఉంటే 1945కీ 1952కీ మధ్య, అంతకంటే చెప్పేదేం లేదు.

ఇప్పుడు మన వైపు మాత్రమే దొరికే సాక్ష్యం గురించి. దీన్ని అమెరికా వాళ్ళ పుస్తకాల్లో వెతికినా ఉండదు. మన దగ్గరికి వచ్చిన పాత పానాలు చాలావరకు ఎవరో ఒక పెద్ద సంస్థ తెప్పించుకున్నవే. బిట్రగుంటలో ఆవిరి ఇంజిన్ల లోకోషెడ్ ఉండేది కదా, అక్కడి నుంచి రకరకాల దారుల్లో బయటికొచ్చిన సామాను చుట్టుపక్కల ఊళ్ళలో ఇప్పటికీ తేలుతుంది. అలాంటి వాటి మీద తయారీదారు అక్షరాలు కాకుండా, తర్వాత పంచితో వంకరటింకరగా కొట్టిన 'ఎం అండ్ ఎస్ఎం' అనే అక్షరాలుంటాయి. మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే. ఆ కంపెనీ 1908లో ఏర్పడింది, 1951 ఏప్రిల్ 14న సదరన్ రైల్వేలో కలిసిపోయింది. అంటే ఆ ముద్ర 1908కీ 1951కీ మధ్య పడింది. 'ఎస్ఆర్' అని కొట్టి ఉంటే 1951 తర్వాత రైల్వే చేతిలో ఉన్నదని. బాణం మొన గుర్తు, మూడు గీతలు ఒక బిందువు దగ్గర కలిసినట్టు ఉంటుంది, అది సైన్యంతో సహా బ్రిటిష్ ప్రభుత్వ ఆస్తి గుర్తు. ఇలాగే పి.డబ్ల్యు.డి. అక్షరాలున్నవి కూడా కనపడతాయి. ఈ ముద్రలు పానా తయారైన తేదీ చెప్పవు, కానీ ఫలానా కాలానికి అది ఇక్కడ వాడుకలో ఉందని చెప్తాయి. పేటెంటు తేదీ కింది అంచు అయితే, ఆస్తి ముద్ర పై అంచు. రెండిటి మధ్య ఇరికించడమే మన పని.

గూడూరు, సైదాపురం వైపు మైకా గనుల సామాను, కందుకూరు, ఒంగోలు వైపు పొగాకు బ్యారన్లలో పైపుల పని సామాను, చీమకుర్తి క్వారీల షెడ్లు, రైసు మిల్లుల్లో పాత ఆయిలింజిన్ల పక్కన వేలాడే టూల్ బాక్సులు, ఇవన్నీ వెతకదగ్గ చోట్లే. మిల్లు పాతదైతే ఇంజిన్‌తో పాటు వచ్చిన పానా ఇంజిన్ పక్కనే తుప్పు పట్టి ఉంటుంది. అడిగితే ఇచ్చేస్తారు, ఒక కొత్త పానా కొని ఇస్తానంటే ఇంకా సంతోషంగా ఇచ్చేస్తారు.

మన దేశంలో తయారైన వాటి సంగతి వేరే. జలంధర్, లూధియానా వైపు నుంచి వచ్చిన వాటి మీద పేటెంటు గుర్తులు అరుదు, కాబట్టి వేరే గుర్తులు చూసుకోవాలి. ఐఎస్ఐ ముద్ర ఉంటే 1950ల మధ్య నుంచి ఇటే. సైజు అంగుళాల్లో మాత్రమే ఉందా, మిల్లీమీటర్లలో కూడా ఉందా చూడండి, దేశంలో మెట్రిక్ కొలతల చట్టం 1956లో వచ్చింది, మార్కెట్లో పూర్తిగా మారడానికి ఇంకో ఆరేళ్ళు పట్టింది. 155, 205, 255, 305 అని మిల్లీమీటర్లలో ఉన్నది కచ్చితంగా ఆ తర్వాతి సరుకే. మన మెకానిక్కులందరికీ తెలిసిన టపారియా పనిముట్ల తయారీ మొదలుపెట్టిందే 1969లో, అందుకని దానిమీద తాతల లెక్కలు వేయక్కర్లేదు.

వేరియంట్లు విడదీయడానికి పేటెంటు అక్షరాలు ఒక్కటే చాలవు, పక్కనున్న పేరు కూడా చూడాలి. కంపెనీలు పేర్లు మార్చుకుంటూ ఉంటాయి. అన్నదమ్ములు విడిపోతారు, కలుస్తారు, 'అండ్ కో.' పోయి 'ఇన్‌కార్పొరేటెడ్' వస్తుంది, ఊరి పేరు మారుతుంది. కోస్ కుటుంబమే చూడండి, ఎల్. కోస్ అని ఒక పేరు, ఎ.జి. కోస్ అని ఇంకో పేరు, తర్వాత కోస్ రెంచ్ కంపెనీ. మోడలు అదే, పేటెంటు అదే, పేరు మారితే కాలం మారినట్టు. అమెరికా మెకానిక్కులు స్క్రూ స్పానర్‌ను క్రెసెంట్ రెంచి అనే పిలుస్తారు. ఆ క్రెసెంట్ టూల్ కంపెనీ న్యూయార్క్ రాష్ట్రం జేమ్స్‌టౌన్‌లో పెట్టింది 1907లో. కాబట్టి ఆ పేరున్నది దేన్నీ పంతొమ్మిదో శతాబ్దంలోకి లాగడానికి లేదు.

ఆకారం కూడా మాట్లాడుతుంది. దవడలు పిడికి అడ్డంగా, సుత్తిలాగా ఉంటే మంకీ రెంచి జాతి, పాత పద్ధతి. దవడలు పిడి వరసలోనే కాస్త ఏటవాలుగా తల వంచినట్టు ఉండి, బొటనవేలితో తిప్పే మర చక్రం తలలోనే కూర్చుంటే జొహాన్సన్ తర్వాతి పద్ధతి. పూత చూడండి. పసుపు చాయ ఉన్న వెచ్చటి తెలుపు అయితే నికెల్, నీలం చాయ ఉన్న అద్దం లాంటి మెరుపైతే క్రోము. క్రోము పూత వ్యాపారంగా మొదలైంది 1920ల రెండో సగంలో. కాబట్టి మొదటి నుంచీ క్రోము ఉన్న పానా మీద 1910 పేటెంటు తేదీ ఉన్నా అది 1920ల చివరిదో ఆ తర్వాతదో. మొదటి నుంచీ అన్నమాట గమనించండి, తర్వాత ఎవడో షోకుకు పూత వేయించి ఉండొచ్చు, అక్షరాల గుంటల్లో కూడా పూత దట్టంగా నిండిపోయి ఉంటే అనుమానించండి. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో క్రోము, నికెల్ దొరకక చాలా కంపెనీలు పూత లేకుండా నల్లగానే వదిలేశాయి, మెరవలేదని వాటిని తక్కువ చేయొద్దు.

అన్నిటికంటే ముఖ్యంగా, దవడా పిడీ ఒకే తల్లి బిడ్డలా అని చూడండి. మన లారీ షెడ్లలో ఏ వస్తువునూ పారేయరు. దవడ విరిగితే ఇంకో పానా దవడ ఎక్కించి, మర చక్రం సాన పెట్టి సరిపెట్టేస్తారు. బయటి దేశాల్లో పిన్ను పోతే మొత్తం పారేస్తారట, మనకు మేకు ఉంటే చాలు. అలాంటి పానాకు రెండు పుట్టిన రోజులుంటాయి. దవడను పూర్తిగా తెరిచి, గాడిలో ఊగుతుందా, పళ్ళు మర చక్రంతో సరిగ్గా కలుస్తున్నాయా, దవడ పక్కన వేరే సైజు అంకె ఉందా, ఇవి చూసుకోవాలి.

ఇంత అయ్యాక పేటెంటు కాగితం తీసి చూడాలి. నంబరు తెలిస్తే గూగుల్ పేటెంట్స్‌లో ఇంగ్లీషు అక్షరాల్లో యు, ఎస్ అని కొట్టి పక్కనే నంబరు కొడితే బొమ్మతో సహా వస్తుంది. యూరప్ వాటికి ఎస్పాస్‌నెట్ ఉంది. తేదీ మాత్రమే ఉంటే డాటాంప్ అనే అమెరికా పాత పనిముట్ల పేటెంట్ల డైరెక్టరీలో తేదీతో వెతకొచ్చు, మంగళవారానికి పనిముట్లవి కొన్నే ఉంటాయి కాబట్టి మీది దొరకడం కష్టం కాదు. అక్కడ బొమ్మ తెరిచి మీ పానా పక్కన పెట్టుకోండి. పేటెంటు బొమ్మకు, తయారైన వస్తువుకు తేడా ఉంటుంది, కంగారు పడొద్దు. పేటెంటు పానా మొత్తానికి కాకుండా లోపలి ఒక స్ప్రింగుకో, మర చక్రం బిగించే ఒక పిన్నుకో కూడా అయి ఉండొచ్చు. అప్పుడు మీ పానాలో ఆ భాగం ఉందా లేదా అన్నదే అసలు పరీక్ష. అక్షరాలున్నా ఆ భాగం లేదంటే మధ్యలో ఎవరో మార్చేశారు.

నా 12 అంగుళాల పానాకు ఇదంతా చేస్తే తేలింది ఇది. చివరి తేదీ 1909, పిడి వెనక 'ఎం అండ్ ఎస్ఎం' ముద్ర, నంబరు లేదు కాబట్టి అచ్చు 1927కి ముందుది కావచ్చు, దవడ కింద వేలికి తగలని మూలలో నికెల్ పూత ముక్క మిగిలి ఉంది, క్రోము ఎక్కడా లేదు. 1909కీ 1920ల మధ్యకూ మధ్యది అని నోటుబుక్కులో రాసుకున్నా. దాని కింద ఇంకో వాక్యం కూడా రాశా: దవడ దీనిది కాదు, పది అంగుళాల పానాది, సాన పెట్టి ఎక్కించారు. ఆ కొట్టాయన మర తిరగడంలా అన్నది అందుకే. ఇప్పుడాయన అక్షరాలున్న పానాలు కుప్పలో పడేయకుండా గల్లా పెట్టె పక్కన పెడుతున్నాడు, కేజీ లెక్క మానేసి ఒక్కోదానికీ ఒక రేటు చెప్తున్నాడు, తప్పు నాదే.